ఆగుడే ఎక్కువ

ప్రతి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల కోసం తిరుగుతాను. అందుకే షుగర్ వచ్చాక డాక్టరు 'నడవండి' అంటే నవ్వొచ్చింది. "అదేం నడక? ఆగుడే ఎక్కువ!" అంది మా ఆవిడ.

పౌరుషమొచ్చింది. సాయంత్రం నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేశా. తెల్లారేసరికి విశాఖ. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాదాపు పాతిక కిలోమీటర్లు. సముద్రం కుడిపక్క, ఎండ కూడా కుడిపక్కే!

రుషికొండ దాకా హుషారే. తొట్లకొండ మీది బౌద్ధ విహారానికి కింది నుంచే దండం పెట్టా. మంగమారిపేట దగ్గర కళ్లు తిరిగాయి. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన నీళ్లిచ్చి, "బస్సెక్కీండి బాబూ" అన్నాడు. జేబులోని బెల్లంముక్క నోట్లో వేసుకుని, అరగంట ఆయన పక్కనే కూర్చున్నా. పొద్దున టిఫిన్ చెయ్యకుండానే షుగర్ మాత్ర మింగా. తప్పు నాదే. మీరు మాత్రం అలా చెయ్యకండి, డాక్టర్ని అడక్కుండా ఇంతదూరం బయల్దేరకండి.

తర్వాత ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఇంకోసారి ఆగా. సముద్రపు ఇసుక వేల ఏళ్లకి అలా ఎర్రబడిందట. దానికే తొందర లేదు, నాకెందుకు?

1861లోనే మునిసిపాలిటీ అయిన భీమిలిలో, గోస్తనీ సముద్రంలో కలిసేచోట కూర్చుని ఇంటికి ఫోన్ చేశా.

"ఆగుడే ఎక్కువైంది. అయినా చేరాను" అన్నా.

"ముందు ఏమైనా తిన్నారా?" అంది.