పాతాళజలము ఎవరి సొత్తు?

కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు చెంత క్రీ. శ. 1369 నాటి సంస్కృత శాసన మొకటి గలదు. విజయనగరాధీశుడగు మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి నేలిన భాస్కరుడు, ఆ తటాకమును నిర్మింపజేసి దీనిని చెక్కించెను. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలును, రాళ్లు తోలుటకు నూరు బండ్లును పనిచేసినట్లు అందు లెక్క యున్నది. మాకు అంతకంటె ముఖ్యముగ తోచినది వేరొకటి. మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు సాధనములను, ఉండరాని ఆరు దోషములను శాసనకర్త వరుసగ చెప్పినాడు. కట్ట నీరు కారుట, చవుడు నేల, ఇరు రాజ్యముల పొలిమేర, చెరువు నడుమ మిట్ట అను వానితోపాటు, నీరు స్వల్పమై సాగునేల విస్తారమగుటయు నొక దోషమని యాతడు లెక్కించినాడు.

నేడు రాయలసీమలోను తెలంగాణమునందును ఈ దోషమే సేద్యపద్ధతియై కూర్చున్నది. చెరువెండినచో ఊరంతయు చూచును. భూగర్భ మెండినది మోటారు గాలి పీల్చిననాడు గాని తెలియదు. ఈ సీమలలో చాలభాగము క్రింద నున్నది కఠినశిల. పైనున్న శిథిలపు పొరలోను, లోతున నక్కడక్కడ గల పగుళ్లలోను మాత్రమే నీరు నిలుచును. అనంతపురమున సాలుకు కురియు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. అందు పాతాళమునకు ఇంకునది కొద్దిపాలు. ఇంకినదానికి మించి తోడినదంతయు తాతలనాటి నిలువనుండి తీసినదే, మనుమలకు దక్కవలసినదే. ప్రపంచమున తోడబడు భూగర్భజలములో సుమారు నాల్గవవంతు ఒక్క భారతదేశముననే తోడబడుచున్నది. ఈ పెద్దరికము మనకు గర్వకారణము కాదు.

ఇట్లు తోడుటకు హక్కెక్కడిది? నిర్దిష్టమైన కాలువగ ప్రవహింపని భూగర్భజలమును నేల యజమాని తన హద్దులలో సేకరించుకొన వచ్చునని 1882 నాటి ఈజ్‌మెంటుల చట్టము ఏడవ విభాగమున ఉదాహరణరూపమున చెప్పుచున్నది. ఇది మన ధర్మశాస్త్రములనుండి వచ్చినది కాదు. ఆంగ్లదేశ న్యాయస్థానముల తీర్పులనుండి దిగుమతి యైనది. ఏడాది పొడవున వాన కురియు దేశమున, చేదబావుల కాలమున, ఆ న్యాయము వలన పెద్ద కీడు లేకపోవచ్చును. బోరుబండి యొక్క రాత్రిలో రాతిని వందల యడుగులు తొలుచు కాలమున, పొరుగువాని బావినీటిని తన హద్దులోనికి లాగుకొనుటయు హక్కే యగుచున్నది. తెల్లదొరలు పోయి డెబ్బదియైదేండ్లు దాటినను, వారు విడిచిపోయిన యీ దాయము మనకు ముద్దుగనే యున్నది. లాభము భూమి గలవారికి గదా! మా చదువరులలో ననేకులు ఆ వర్గమువారే యని యెఱిగియే యీ మాట వ్రాయుచున్నాము.

శాసనములు లేవని యెవరును అనలేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2002లో జల, భూమి, వృక్ష చట్టము వచ్చినది. జనులు దానిని వాల్టా యందురు. బావులు నమోదు కావలెను. బోరుబండ్లు నమోదు కావలెను. ప్రజల త్రాగునీటి బావికి 250 మీటర్లలోపల అనుమతి లేక క్రొత్త బావి త్రవ్వరాదు. అతిగ తోడబడిన ప్రాంతములలో క్రొత్త బావులను నిషేధింప వచ్చును. చక్కని చట్టము. రెండేండ్లకే, 2004లో, సేద్యమునకు ఉచిత విద్యుత్తు వచ్చెను. తెలంగాణ ప్రభుత్వము 2018 జనవరి 1 నుండి దానిని ఇరువదినాలుగు గంటల సరఫరాగ నొనర్చెను. ఒక చేత కళ్లెము పట్టి వేరొక చేత కొరడా ఝళిపించిన గుఱ్ఱ మెటు పోవును?

ఉచిత విద్యుత్తును మేము నిందించుట లేదు. అప్పులపాలై రైతులు ప్రాణములు తీసికొనుచుండిన దినములలో అది వారికొక ఊరట. కాని వెల లేకుండుట వేరు, కొలత లేకుండుట వేరు. నాలుగు బోర్లు గలవానికి నాలుగింతల దానము. మెట్టసేద్యము చేయు బీదకాపునకు దమ్మిడీ లేదు. వాని పెరటి చేదబావి మాత్రము ఎండుచున్నది.

చెరువుల విషయము వేరు చెప్పనక్కర లేదు. పుత్రునితోపాటు తటాకమును, వనమును సప్తసంతానములలో నెన్నిన జాతి మనది. చెరువు బాగుసేతకై దశబంధపు మాన్యములు ఉండెడివి. జమీందారీలు 1948లోను, ఇనాములు 1956లోను రద్దు చేసిన చట్టములు న్యాయమైనవే. కాని ఆ భూములతో ముడిపడిన బాధ్యత నెవరు మోయుదురని యప్పుడు గట్టిగ నడిగినవారు లేరు. 2015లో తెలంగాణమున మిషన్ కాకతీయ ప్రారంభమై, నలుబది యాఱువేలకు పైగా చెరువులను బాగుచేయ సంకల్పించెను. ఎత్తిన పూడికమట్టిని రైతులే తమ బండ్లతో పొలములకు తోలుకొనిరి. మంచిపని. కాని పూడిక తీసిన చెరువునకు నీరు తెచ్చు వాగు మీద ఇండ్లస్థలములు వెలసినచో, శిఖము నేలను పెద్దమనుష్యుడే దున్నుకొనుచున్నచో, ఆ కర్చంతయు ఏమగును?

ఇక కర్తవ్యము. ఈ శతాబ్దపు మొదటి దశకమున మన కరవు జిల్లాలు ఏడింటిలో రైతులే వానను కొలిచి, బావులలో నీటిమట్టమును నెలనెల వ్రాసికొని, రబీకి ముందు ఊరంతయు కూర్చుండి, ఉన్న నీటికి ఏ పంట యెంత యని లెక్క వేసికొనిరి. పోలీసు లేదు, జరిమానా లేదు. మహారాష్ట్రమున అహల్యానగర్ జిల్లా హివ్రే బాజార్ గ్రామము ఇంకను ముందునకు పోయి, సేద్యమునకు బోర్లు వేయరాదని, చెఱకు పెట్టరాదని తానే కట్టడి చేసికొనెను. ఈ గ్రామ జలలెక్కకు వాల్టా చట్టములో స్థానము కల్పింపవలెను. ఆ లెక్కలో లోటు తేలిన ఊర క్రొత్త బోరునకు అనుమతి ఇచ్చు నధికారము తహశ్శీలుదారుకు గాక గ్రామసభకు ఉండవలెను. అనుమతిపత్రము లేక త్రవ్విన బోరుబండిని జప్తు చేయవలెను.

విద్యుత్తునకు కొలత పెట్టుట అన్నిటికంటె కష్టము. 2020లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పంపుసెట్లకు మీటర్లు బిగింప సంకల్పించినపుడు, నేడు మీటరు రేపు బిల్లు అని రైతులు శంకించిరి. ఆ శంక నిరాధారమని మేమనజాలము. ప్రభుత్వముల మాట యెన్నికల వఱకే. కనుక హామీ మంత్రి నోట గాక శాసనమున నుండవలెను. ఎకరాకు, పంటకు ఇంత యని నిర్ణయించిన మేరకు విద్యుత్తు ఉచితము. అంతకు తక్కువ వాడిన రైతునకు మిగిలినదాని వెల నగదుగ నీయవలెను. బోరు లేని మెట్టరైతునకు అంతే సహాయము వేరురూపమున నందవలెను. ఇట్టి బిల్లును ఉభయ తెలుగు రాష్ట్రముల శాసనసభలలో ఏ పక్షమువారు మొదట ప్రవేశపెట్టినను, మేము వారి పక్షమున వ్రాయుదుము.