ఏది చంపిందో చెప్పని ఆట

ఆన్‌లైన్ గేముల్లో చచ్చిపోవడం మామూలే. ఎందుకు చచ్చామో తెలియకపోవడం మాత్రం మామూలు కాకూడదు. "అదే కదా ఛాలెంజ్" అని దాన్ని వెనకేసుకొచ్చే వాళ్లతోనే నా పేచీ.

పాత్ ఆఫ్ ఎగ్జైల్ సంగతే చూద్దాం. 2013లో వచ్చిన ఈ న్యూజీలాండ్ గేమ్‌లో దెబ్బలు ఐదు రకాలు: ఫిజికల్, ఫైర్, కోల్డ్, లైట్నింగ్, కేయాస్. ఒక్కోదానికి ఒక్కో విరుగుడు. ఫైర్ రెసిస్టెన్స్‌ని మామూలు గరిష్ఠమైన 75 శాతానికి తెచ్చుకున్నవాడికి 1000 ఫైర్ డ్యామేజ్ తగిలితే ఒంటికి చేరేది 250. అదే మనిషి కథంతా ముగించేసరికి కేయాస్ రెసిస్టెన్స్ ఏమీ కూడబెట్టుకోకపోతే, ఆట వేసే పెనాల్టీ వల్ల అది మైనస్ 60కి దిగిపోయి ఉంటుంది. ఇప్పుడు 1000 కేయాస్ డ్యామేజ్ కాస్తా 1600 అవుతుంది. ఒకే బలమున్న రెండు దెబ్బల మధ్య ఆరు రెట్లకు పైగా తేడా! తగిలింది ఏదో తెలిస్తే ఏ ఉంగరం మార్చాలో తెలుస్తుంది. తెలియకపోతే మళ్లీ వెళ్లి మళ్లీ చావడమే.

ఆ చావు ఊరికే పోదు. ఎండ్‌గేమ్‌లో ఒక్కో చావుకి, తర్వాతి లెవెల్‌కి కావాల్సిన ఎక్స్‌పీరియన్స్‌లో 10 శాతం కోత. ఉద్యోగం చేసుకుంటూ రాత్రి ఓ రెండు గంటలు ఆడుకునేవాడికి అది రోజుల కష్టం. ఇంత పందెం కాయించి, ఏది చంపిందో చెప్పే లాగ్ లేకుండానే ఆ గేమ్ ఏళ్ల తరబడి నడిచింది. ఆటగాళ్లు తమ ఆటని తామే రికార్డ్ చేసుకుని, ఫ్రేమ్ ఫ్రేమ్ ఆపి చూసుకునేవాళ్లు. పోస్ట్‌మార్టం కూడా శవమే చేసుకోవాలన్నమాట.

రంగులున్నాయి కదా అంటారు. ఉన్నాయి. కానీ ఆరుగురు కలిసి ఆడుతుంటే తెరంతా దీపావళే. పైగా ఈ గేమ్ అలంకారాలు కూడా అమ్ముతుంది. కొన్నవాడి మంత్రం రూపమే మారిపోతుంది. ఇక రంగుల తేడా గుర్తుపట్టలేని కళ్లున్నవాళ్ల గతేంటి? రంగొక్కటే చాలదు. ఆకారం, శబ్దం, అక్షరం కూడా కావాలి.

"అన్నీ చెప్పేస్తే కనిపెట్టే ఆనందం పోదా?" ఇది సగం నిజం. చావకముందు చెప్పొద్దు, సరే. చచ్చాకైనా చెప్పాలిగా? 2016లో వచ్చిన పోకెమాన్ సన్, మూన్ గేములు ఈ చిక్కుని తేలిగ్గా విప్పాయి. మొదటిసారి తలపడ్డప్పుడు ఏ దాడి పనిచేస్తుందో మీరే తెలుసుకోవాలి. ఆ తర్వాత నుంచి మెనూలోనే కనిపిస్తుంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004 నుంచీ దెబ్బ ఎవరిది, ఎంత, ఏ రకం అన్నది లాగ్‌లో రాస్తూనే ఉంది. మోల్టెన్ కోర్‌లో నిప్పుతోనే యుద్ధమని అందరికీ తెలుసు. అయినా 40 మంది ఫైర్ రెసిస్టెన్స్ పోగేసుకుని మరీ వెళ్లేవాళ్లు. తెలిసినందువల్ల ఆట తేలికైపోలేదు. తెలిసింది కాబట్టే ఆ సన్నాహం కూడా ఆటలో భాగమైంది.

నేను కోడ్ రాసి బతికేవాణ్ని. ప్రోగ్రామ్ కూలిపోయి, కారణం చెప్పకపోతే మా దగ్గర దాన్ని గాఢత అనరు, బగ్ అంటారు. అర్థంకాని ప్రతిదాన్నీ లోతు అనుకునే జబ్బు సాహిత్యంలో మనకి పాతదే. ధ్వని గొప్పదే, కాదనను. కానీ వాచ్యం అందాకే ధ్వని.

అడుగుతున్నది వరమేమీ కాదు. చచ్చిన తెర మీద మూడే ముక్కలు: ఎవరు కొట్టారు, ఏ రకం దెబ్బ, ఎంత. సర్వర్ ఆ లెక్క కట్టే కదా మనల్ని చంపింది! దాని దగ్గర ఉన్న లెక్కే మనకీ చూపించమంటున్నాం.