కారు పోయినా అప్పు పోదు

గేదె చచ్చిపోతే, గేదె కోసం తెచ్చిన అప్పు కూడా చావదని మన అమ్మమ్మలకి ఒకరు చెప్పక్కర్లేకపోయింది. కారు దగ్గరకొచ్చేసరికి మనకే ఆ లెక్క తప్పుతోంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్లముందు కార్లు ఎలా మునిగాయో అందరం టీవీల్లో చూశాం. అలాంటి కష్టం వచ్చినప్పుడు ఎవరికైనా వచ్చే అనుమానం ఒకటే. బండే కదలనప్పుడు వాయిదా ఎందుకు కట్టాలి? ఎందుకంటే బ్యాంకు అప్పిచ్చింది కారుకి కాదు, మనకి. బండి షెడ్డులో రెండు నెలలున్నా నెల తిరిగేసరికి ఈఎంఐ పడాల్సిందే. అప్పు కాగితాల మీద మీ సంతకం కూడా ఉంటే, కట్టనప్పుడు దెబ్బతినే క్రెడిట్ స్కోరు మీది కూడా.

"ఇన్సూరెన్స్ ఉందిగా వదినా" అంటారు. ఏ ఇన్సూరెన్స్? కొత్త కారు కొన్నప్పుడు థర్డ్ పార్టీ బీమా మూడేళ్లకి ఒకేసారి కట్టించుకుంటారు. అది మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి. మన కారుకి తగిలిన దెబ్బకి పనికొచ్చేది ఓన్ డ్యామేజ్ పాలసీ. అది చాలామందికి ఏడాదికే ఉంటుంది. మూడేళ్లుందిలే అని ఊరుకుంటే రెండో ఏడు మన కారుకి గొడుగు లేనట్టే.

పాలసీ ఉన్నా ఇంకో మెలిక ఉంది. బాగుచేయించే ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కారు పూర్తిగా పోయినట్టు లెక్కేస్తారు. ఐడీవీ అంటే పాలసీలో రాసిన కారు విలువ. అది ఏటా తగ్గుతుంది. ఎనిమిది లక్షల షోరూమ్ ధర ఉన్న కారుకి రెండో ఏడు 20 శాతం తరుగు తీస్తే 6 లక్షల 40 వేలు. రోడ్డు ట్యాక్సూ అవీ కలిపి ఎనిమిదిన్నర లక్షలు, తొమ్మిదిన్నర శాతం వడ్డీకి, ఏడేళ్లకి అప్పు తీసుకున్నారనుకోండి. ఏడాదిన్నర కట్టాక కూడా దాదాపు 7 లక్షల 10 వేలు బాకీ ఉంటుంది. ఆర్‌సీలో బ్యాంకు పేరుంది కాబట్టి బీమా డబ్బు ముందు బ్యాంకుకే వెళ్తుంది. కారూ పోయి, పైన 70 వేలు మనమే కట్టాలి.

యాడ్-ఆన్‌లన్నీ షోరూమ్ వాళ్ల ఎత్తులేనని కొట్టిపారేసేవాళ్లున్నారు. కొన్ని అలాంటివే కావచ్చు. కానీ అప్పు బరువుగా ఉన్న మొదటి ఏళ్లలో ఇన్‌వాయిస్ ధర ఇచ్చే రిటర్న్ టు ఇన్‌వాయిస్, వానల ఊళ్లో ఇంజిన్ ప్రొటెక్ట్ తీసుకోవడం దుబారా కాదని నా అభిప్రాయం. మునిగిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజిన్‌లోకి నీళ్లు పోతాయి, మామూలు పాలసీ ఆ నష్టం ఇవ్వదు. అందుకే తాళం తిప్పకుండా ముందు బీమా కంపెనీకి ఫోన్ చేయాలి.

అంతకన్నా ముఖ్యం, కారు కొనే రోజే వాయిదాతో పాటు ఏటా కట్టే ప్రీమియం కూడా ఇంటి ఖర్చులో రాసుకోవాలి. అది భరించలేమనుకుంటే ఆ కారు మనకి పెద్దదే.

పాల లెక్క, చీటీ లెక్క, పిల్లల ఫీజుల లెక్క మన దగ్గరే ఉంటాయి. లక్షల అప్పున్న కారు పాలసీ ఒక్కటి ఆయన ఫోన్లో ఎందుకుండాలి? ఈ రాత్రి అడిగి తీసుకోండి. గడువు ఎప్పుడు, ఐడీవీ ఎంత, బాకీ ఎంత, ఈ మూడూ క్యాలెండర్ వెనకాల రాసిపెట్టుకోండి.