పార్సిల్ ఖరాబైతే నోరు మూసుకోవాల్నా?

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల మెట్ల కింద ఇప్పుడు చెప్పుల జతల పక్కన అట్టపెట్టెల కుప్పలు కనిపిస్తున్నాయి. చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ చౌరస్తా దాకా ఏ గల్లీలో చూసినా వీపుకు పెద్ద సంచి తగిలించుకొని బండ్ల మీద తిరిగే పిల్లలే. నల్లగొండ, దేవరకొండ, సూర్యాపేట, అచ్చంపేట దిక్కు నుంచి కోచింగుకు వచ్చిన మన బిడ్డలు, సాగర్ రోడ్డు, విజయవాడ రోడ్డు వెంట బస్తీల్లో కిరాయికుంటున్న మన కూలీలు, ఇండ్లల్ల పని చేసే మన అక్కలు ఫోనులోనే కొంటున్నారు. ఊర్లో ఉన్న అవ్వకు మిక్సీ కావాలన్నా కొడుకు ఇక్కడి హాస్టల్ నుంచే బుక్ చేస్తున్నాడు.

ఎందుకు కొంటున్నారు? ధర తక్కువని కొంటున్నారు. కిస్తీల మీద దొరుకుతుందని కొంటున్నారు. ఇంకో కారణం కూడా ఉంది. దాన్ని పెద్ద పేపర్లవాళ్లు రాయరు, మనమే రాయాలి. మన చెప్పులు చూసి, యాస విని, "నీకు ఇది పడదులే, తక్కువది చూపిస్త" అనే సేటు ఫోనులో ఉండడు. సామాను చేతికియ్యకుండా పైనుంచి పడేసిన దుకాణాలు, వేరే గ్లాసులు పెట్టిన హోటళ్లు మన పెద్దలు చూసినవే. ఫోను కులం అడగదు. అందుకే కొనేటప్పుడు అందరం ఒక్కటే అనిపిస్తుంది.

కొన్నది ఖరాబైనప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఇంగ్లీషు వచ్చినవాడికి, ఆఫీసులో తీరిక ఉన్నవాడికి, గట్టిగా అడగడం అలవాటైనవాడికి డబ్బులు వాపసు వస్తాయి. ఒక్కరోజు కూలి పోగొట్టుకొని ఫోను పట్టుకు కూర్చోలేనివాడు "మన నసీబు" అని ఆ పెట్టెను సజ్జ మీద పెడతాడు. ఆ పెట్టెతో పాటు సజ్జ ఎక్కుతున్నది చట్టం మనకు రాసిచ్చిన హక్కు. దాన్ని కిందికి దించాలనే ఈ నాలుగు మాటలు.

మాకు తెలిసిన ఒక చెల్లె ఎల్బీనగర్ అవతలి బస్తీలో ఉంటుంది. పొదుపు సంఘంలో అప్పు తీసి కరెంటు కుట్టుమిషన్ బుక్ చేసింది. వచ్చిన మూడో రోజే మోటరు కాలిపోయింది. కంపెనీకి చెబితే మెకానిక్ వస్తడన్నరు. రేపన్నరు, ఎల్లుండన్నరు. పదో రోజు "వాపసు గడువు దాటిపోయింది" అని ఇంగ్లీషులో ఒక ముక్క పంపారు. మళ్లీ అడిగితే "నువ్వు పైసలకు కుడుతున్నవు, ఇది వ్యాపారం, మాకు సంబంధం లేదు" అన్నారు. ఆ ఇంటి పిల్లలు కోపం పట్టలేక పార్సిల్ తెచ్చిన పిల్లగాని మీదికి పోయారు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ పిల్లగాడు ఎవరు? మన వాడకట్టు పిల్లగాడే. ఎండలో వానలో తిరిగి పెట్టెకు ఇంత అని లెక్కగట్టించుకునేవాడు. ఆ మోటరు వాడు చేయలేదు, వాడు అమ్మలేదు, దాని లాభం వాడి జేబులోకి రాలేదు. వాణ్ని కొడితే కంపెనీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఇద్దరు పేదోళ్లు కొట్లాడుకుంటుంటే లాభం తిన్నవాడు చల్లగా కూర్చుంటాడు. మన కోపం పోవాల్సిన చోటు వేరే ఉంది.

ఆ చోటు ఏదో చట్టమే చెప్పింది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. అది 2020 జూలైలో అమలులోకి వచ్చింది. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు కూడా వినియోగదారులేనని అందులో విడిగా రాశారు. అదే నెలలో ఆన్‌లైన్ అమ్మకాలకు ప్రత్యేక నియమాలు కూడా వచ్చాయి. సరుకు ఖరాబుదైనా, నకిలీదైనా, చూపించింది ఒకటి పంపింది ఒకటి అయినా, వాపసు తీసుకోను, డబ్బులియ్యను అని అమ్మినవాడు అనడానికి వీల్లేదని ఆ నియమాలు చెబుతున్నాయి. ప్రతి కంపెనీ ఫిర్యాదులు చూసే అధికారిని పెట్టాలి. అతని పేరు, నంబరు అందరికీ కనిపించేలా రాయాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. వాపసుకు వారం, పది రోజులు అనేది కంపెనీ తనకు తాను రాసుకున్న గడువు. కమిషన్‌లో కేసు వేయడానికి చట్టం మనకిచ్చిన గడువు రెండేళ్లు.

"మేము జాగా మాత్రమే ఇచ్చినం, అమ్మినవాడు వేరే" అని పెద్ద కంపెనీలు తప్పించుకోజూస్తాయి. సంతలో తైబజారు వసూలు చేసుకునేవాడు దొంగ తూకం సంగతి నాకు తెల్వదంటే ఊరుకుంటామా? అమ్మినవాడి పేరు, అడ్రసు ఇమ్మని మనం రాసి అడిగితే కంపెనీ ఇచ్చి తీరాలి. అది కూడా నియమమే.

ఇక పైసలకు కుట్టే చెల్లె వినియోగదారు అవునా, కాదా? అవును. కొని మళ్లీ అమ్ముకునే వ్యాపారికి ఈ చట్టం వర్తించదు. కానీ సొంత రెక్కల కష్టంతో బతకడానికి కొనుక్కున్న వస్తువు వ్యాపారం కింద రాదని చట్టంలోనే రాసి ఉంది. కుట్టుమిషన్ అయినా, ఇస్త్రీ పెట్టె అయినా, కిరాయి బండి నడిపే తమ్ముడి ఫోను అయినా అంతే. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది వెనక్కి తిరిగారో!

ఆ చెల్లెతో నలుగురం కూర్చుని కంపెనీకి కాయితం రాయించినం, 1915కు ఫోన్ చేయించినం. డబ్బులు వాపసు వచ్చినయి. అప్పటికే ఆమె సంఘానికి రెండు కిస్తీలు మిత్తితో కట్టింది, ఒక నెల గిరాకీ పోగొట్టుకుంది. ఆ నష్టం ఎవరు కట్టాలె? చట్టం ప్రకారం ధర ఒక్కటే కాదు, నష్టపరిహారం, ఖర్చులు కూడా అడగవచ్చు. మనోళ్లు ధర వాపసు వస్తే చాలని దండం పెట్టి ఊరుకుంటారు. ఊరుకోవద్దు.

సరుకు మంచిదా కాదా అనేది కొన్నిసార్లు ప్రాణాల సంగతి. ప్రెషర్ కుక్కర్ సంగతే చూడండి. ఐఎస్ఐ గుర్తు లేని కుక్కర్ అమ్మవద్దని ప్రభుత్వం ఆదేశాలు ఇచ్చింది. అయినా అమ్మారు. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అమెజాన్‌కు, ఫ్లిప్‌కార్ట్‌కు చెరో లక్ష రూపాయల జరిమానా వేసింది. అమెజాన్ ద్వారా అమ్ముడుపోయిన 2,265 కుక్కర్లను, ఫ్లిప్‌కార్ట్ ద్వారా పోయిన 598 కుక్కర్లను వెనక్కి తెప్పించి, కొన్నవాళ్లకు డబ్బులియ్యాలని చెప్పింది. కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు పోయాయి. లక్ష రూపాయలు అంత పెద్ద కంపెనీకి ఒక లెక్కా? అదే లక్ష మన ఇంట్లో అయితే బిడ్డ కోచింగు, హాస్టల్ ఫీజు. తూకం ఎటు మొగ్గిందో చూడండి.

ఇప్పుడు పని సంగతి. పెట్టె విప్పేటప్పుడే ఇంకొకరి చేత ఫోనులో వీడియో తీయించాలి. బిల్లు, ఆర్డరు నంబరు, కంపెనీతో నడిచిన మాటలు దాచాలి. ఖరాబు వస్తువును పారేయొద్దు, గల్లీ మెకానిక్‌తో విప్పించొద్దు. రేపు పరీక్షకు పంపాల్సి వస్తే అదే సాక్ష్యం. ఫిర్యాదు నోటితో కాక రాతలో పెట్టాలి, ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. కంపెనీ నంబరు కోసం గూగుల్‌లో వెతకొద్దు. అక్కడ దొంగ నంబర్లు పెట్టి ఓటీపీ అడిగి ఖాతా ఊడ్చేసేవాళ్లు కాచుక్కూర్చున్నారు. ఎవరైనా అట్ల మోసపోతే వెంటనే 1930కు చెప్పాలి.

కంపెనీ పలకకపోతే 1915కు ఫోన్ చేయాలి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడవచ్చు. అయితే అది తీర్పు చెప్పదు, కంపెనీకి మన మాట చేరవేసి జవాబు అడుగుతుంది. అక్కడా పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఎల్బీనగర్‌లో రంగారెడ్డి జిల్లా కోర్టుల ముందు నుంచి రోజూ పోయే మనోళ్లకు కోర్టంటే నల్లకోటు, ఫీజు, వాయిదా. కమిషన్ అట్ల కాదు. కొన్న ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే మాట్లాడవచ్చు. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా, సరుకు ఢిల్లీ నుంచి వచ్చినా, మనం ఉంటున్న చోటి కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. ఊర్లో ఉన్న అవ్వ తన జిల్లాను చూసే కమిషన్‌లోనే వేయవచ్చు. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి అనే పోర్టల్ వచ్చింది, అందులో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. కమిషన్ ఆదేశం అమలు చేయనివాడికి నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదంటే 25 వేలకు తగ్గకుండా లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ.

కాయితం మీద ఉన్నదంతా చేతికొస్తుందని మేము చెప్పడం లేదు. నోటీసు అందిన మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో కేసు తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. కమిషన్లలో కుర్చీలు ఖాళీగా ఉంటే తేల్చేది ఎవరు? దేశమంతా ఈ ఖాళీలు నింపడం లేదని 2021లో సుప్రీంకోర్టే తనంతట తాను కేసు తీసుకోవాల్సి వచ్చింది. పేదోడు ఎన్ని వాయిదాలు తిరగగలడు? ప్రతి వాయిదాకు ఒక కూలి పోతుంది. కంపెనీ వకీలుకు మాత్రం ప్రతి వాయిదాకు ఫీజు ముడుతుంది. ఒంటరిగా పోయినవాడు అలిసిపోయి ఇంటికొస్తాడు. అందుకే ఇది సంఘం చేయాల్సిన పని అంటున్నాం.

కార్యకర్తలు తమ మీటింగుల్లో దీనికి ఒక గంట ఇవ్వాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో చదువుకుంటున్న మన బిడ్డలు ఆదివారం ఒక పూట బస్తీలో కూర్చుని ఫిర్యాదులు రాసిపెట్టాలి. గ్రూపు పరీక్షలకు చట్టాలు బట్టీ పట్టే బిడ్డకు ఇంతకన్నా మంచి పాఠం ఏముంది? ఒకే కంపెనీ, ఒకే రకం ఖరాబు సరుకు పదిమందికి అంటగడితే, కమిషన్ అనుమతితో అందరి తరఫున ఒకే కేసు వేయడానికి కూడా చట్టంలో దారి ఉంది.

ప్రభుత్వాన్ని కూడా అడుగుతున్నాం. కమిషన్లలో ఖాళీలు ఎప్పటికప్పుడు నింపాలి. తెలుగులో రాసిన ఫిర్యాదును తెలుగులోనే విని, తీర్పు తెలుగులో ఇవ్వాలి. మన దగ్గర తెలుగులో అమ్ముకునే కంపెనీ ఫిర్యాదు కూడా తెలుగులోనే తీసుకోవాలి. ఎల్బీనగర్ వంటి చోట వారానికి ఒకరోజు ఫిర్యాదులు రాసిపెట్టే బల్ల వేయాలి.

ఆ కంపెనీల ఖజానాలో మన కూలి డబ్బులు కూడా ఉన్నయి. పైసలు తీసుకునేటప్పుడు చిన్నోడు, పెద్దోడు చూడనివాడు జవాబు చెప్పేటప్పుడు కూడా చూడొద్దు. సజ్జ మీది పెట్టె దించండి, బిల్లు వెతకండి. రెండేళ్లు దాటకముందే కాయితం పెట్టండి.