పసి రక్తనాళాలకు పొగ సెగ

పిల్లాడు రెండ్రోజులు దగ్గితే ‘దుమ్ము పడలేదు’ అంటాం. సిరప్ పట్టిస్తాం. దగ్గు తగ్గగానే ఆ సంగతి మరచిపోతాం. పొగా దుమ్మూ ఊపిరితిత్తుల వ్యవహారమేనని మన నమ్మకం. కానీ దగ్గు రప్పించని పొగ కూడా ఒంట్లోకి వెళ్తుంది. అది రక్తనాళాలనూ వదలదు.

వాహనాలు, చెత్త మంటలు, కట్టెల పొయ్యిల నుంచి వచ్చే అతి సన్నని రేణువులను పీఎం 2.5 అంటారు. అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్నవి. తల వెంట్రుక మందంలో సుమారు పాతికో వంతు! ముక్కు, గొంతు వీటిని ఆపలేవు. ఊపిరితిత్తుల చివరనున్న గాలి గదుల దాకా వెళ్లి అక్కడ వాపు పుట్టిస్తాయి. ఆ వాపు తాలూకు రసాయనాలు రక్తంలో కలుస్తాయి. మరీ చిన్న రేణువులైతే నేరుగా రక్తంలోకే చేరగలవు.

నాళం లోపల ఏం జరుగుతుంది?

రక్తనాళం వట్టి గొట్టం కాదు. దాని లోపలి గోడకు ఒకే ఒక్క కణం మందాన సన్నని పొర ఉంటుంది. పేరు ఎండోథీలియం. ఇది నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేస్తూ నాళాన్ని మెత్తగా, సాగే గుణంతో ఉంచుతుంది. గుండె, రక్తనాళాల్లో నైట్రిక్ ఆక్సైడ్ చేసే పనిని కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. పొగ ఈ పొరను దెబ్బతీస్తుంది. నాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గి, బిగించే ఎండోథీలిన్ పెరుగుతుంది.

2007లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, మెక్సికో నగరంలో పెరిగే ఎనిమిదేళ్ల ఈడు పిల్లలను కాలుష్యం తక్కువగా ఉన్న ఊరి పిల్లలతో పోల్చి చూశారు. మొత్తం 81 మందే. అందరూ చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నవారే. అయినా నగర పిల్లల రక్తంలో ఎండోథీలిన్ ఎక్కువగా ఉంది. ఊపిరితిత్తులకు వెళ్లే ధమనిలో ఒత్తిడీ ఎక్కువే!

మన దగ్గరా ఆధారాలున్నాయి. హైదరాబాద్ శివార్లలోని 28 గ్రామాల్లో పెద్దవాళ్లను పరీక్షించి, 2020లో ఫలితాలు ప్రచురించారు. పీఎం 2.5 ఎక్కువైనకొద్దీ మెడలోని ధమని గోడ మందం పెరిగినట్టు తేలింది. గోడ మందం కావడం గుండెజబ్బు, పక్షవాతాలకు దారితీసే మార్పు.

పిల్లలకే ఎందుకు ఎక్కువ?

బరువుతో పోల్చి చూస్తే పెద్దలకన్నా పిల్లలు ఎక్కువ గాలి పీలుస్తారు. ఆటల్లో పడితే నోటితో పీలుస్తారు. వాళ్ల ముఖం బండి సైలెన్సర్ ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. పైగా, వాళ్ల నాళాలు ఇంకా ఎదుగుతున్నాయి.

అలాగని కంగారుపడి పరీక్షలకు పరిగెత్తనక్కర్లేదు. పిల్లల్లో కనిపించేవి చిన్న మార్పులు, జబ్బు కాదు. కానీ ఏళ్ల తరబడి సాగితే అవే పునాది కావచ్చు.

మనం చేయగలిగినవి

* బడికి మెయిన్ రోడ్డు బదులు లోపలి వీధి ఉంటే, అందులోంచే తీసుకెళ్లండి.

* చలికాలం తెల్లవారుజామున పొగ నేలకు దగ్గరగా పేరుకుంటుంది. ఆటలు ఎండెక్కాక పెట్టుకోండి.

* పిల్లలు పడుకునే గదిలో దోమల కాయిల్ వద్దు, దోమతెర కట్టండి. ఒక్క కాయిల్ వదిలే సన్నని రేణువులు 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో ఒక పరిశోధన లెక్కగట్టింది.

* ఇంట్లో ఎవరూ సిగరెట్, బీడీ, చుట్ట కాల్చకూడదు. ‘కిటికీ దగ్గరే కదా’ అన్నా కుదరదు.

* పోపు ఘాటెక్కినా, పొయ్యి రాజేసినా కిటికీలు తెరవండి. పిల్లల్ని అవతల ఉంచండి.

* చేతిరుమాలు కట్టినంత మాత్రాన ఈ రేణువులు ఆగవు. తప్పనిసరైతే ముఖానికి సరిగ్గా అతికే ఎన్95 మాస్కు వాడండి.

ఇక, ఒక్క ఇంటివల్ల కాని పనులూ ఉన్నాయి. పీఎం 2.5 ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం 2009లో పెట్టుకున్న హద్దు 40. బడి గేటు ముందు ఇంజిన్లు ఆపకుండా నిలబెట్టే ఆటోలు, బస్సులు, వీధి చివర తగలబెట్టే చెత్త... వీటిని అందరూ కలిస్తేనే ఆపగలం. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు మార్కుల సంగతితోపాటు, గేటు దగ్గర పొగ సంగతీ అడగండి.