పండ్ల గబ్బిలం, పూల పిట్ట: మేలు కీడుల లెక్క

పండ్లతోటలో గబ్బిలాన్ని శత్రువుగానూ, చిన్న పిట్టను మిత్రునిగానూ ఎంచడం పరిపాటి. రెండింటి పనిని పక్కపక్కన ఉంచి పరిశీలిస్తే ఈ తీర్పు నిలవదు.

కురచ ముక్కు పండ్ల గబ్బిలం (సైనాప్టెరస్ స్ఫింక్స్) దక్షిణ, ఆగ్నేయ ఆసియా ఉష్ణమండలంలో విస్తారంగా కనిపిస్తుంది. మామిడి, జామ, సపోటా, అరటి పండ్లను తింటుంది. రైతు నష్టం వాస్తవమే. అయితే ఇదే జీవి రాత్రివేళ ఇప్పపూలపై వాలి పరాగసంపర్కానికి తోడ్పడుతుంది. మర్రి, మేడి వంటి చెట్ల సన్నని విత్తనాలను మింగి, ఎగురుతూనే విసర్జిస్తుంది. అందువలన పక్షి వాలేందుకు కొమ్మ లేని బయలు నేలకు సైతం విత్తనం చేరుతుంది.

పూల పిట్ట (డైసియమ్ ఎరిత్రోరింకస్) తూగేది పది గ్రాముల లోపే. అడవులలోనూ తోటలలోనూ తిరిగే ఈ పిట్టకు బదనిక పండ్లు ప్రీతి. వాటి జిగురు విత్తనాలను అది కొమ్మలకే అంటించి పోతుంది. అక్కడ మొలిచిన బదనిక మామిడి కొమ్మలోనికి చొచ్చుకుపోయి నీటిని, లవణాలను గ్రహిస్తుంది. క్రమంగా కొమ్మ క్షీణిస్తుంది. అయినా పిట్టను చంపాలని ఎవరూ సూచించరు. బదనికను కాయకు రాకముందే, అది పాతుకున్న కొమ్మ భాగంతో సహా కోసివేయమని మాత్రమే చెబుతారు. ఇది సరైన సలహా. ఇదే వివేకం గబ్బిలం విషయంలోనూ అవసరం.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్ల గబ్బిలాలను ఎలుకలతో పాటు హానికర జంతువుల షెడ్యూలులో చేర్చింది. 2022 సవరణ ఆ షెడ్యూలునే తొలగించింది. విస్తరణ సలహాలు కూడా ఇందుకు అనుగుణంగా మారవలసి ఉంది. సాధారణంగా ఈతకు ఒకే పిల్లను కనే ఈ జీవిని చంపుతూ పోతే దాని సంఖ్య త్వరగా కోలుకోదు.

కాపు పక్వానికి వచ్చే వారాలలో గబ్బిలాలు చిక్కుకోని విధంగా వలను బిగుతుగా కప్పడం, పండ్లకు సంచులు తొడగడం, గాటుపడిన పండ్లను తినకుండా, అమ్మకుండా పూడ్చివేయడం ఆచరణీయ మార్గాలు. విద్యార్థులు ఒక జీవిని చీడల పట్టికలో చేర్చే ముందు అది ఏ నెలలో, ఏ చెట్టుపై, ఏమి తిన్నదో నమోదు చేయడం నేర్వాలి.

వల ఖర్చు చిన్న రైతుకు భారమే. ఆ భారాన్ని తగ్గించే ఏర్పాటు లేకుండా గబ్బిలాన్ని కాపాడమనడం ఉత్త ఉపదేశంగానే మిగులుతుంది.