డొంక కదిలితే దారి దొరుకుతుంది

‘తీగ లాగితే డొంకంతా కదిలింది’ అంటాం. ఆ సామెతలో డొంక అంటే పొద. పల్లెల్లో దానికి ఇంకో అర్థం కూడా ఉంది. రెండువైపులా కంచె, నడుమ బండి పట్టేంత బాట. చేలకు ఎరువు తోలేదీ, మేకలు మేతకు కదిలేదీ దాని మీదే. నెల్లూరు జిల్లా పడమటి పల్లెల్లో పొరుగూరికి అడ్డదారీ అదే.

ఆ డొంకలన్నిటినీ ఒకదానికొకటి కలిపితే?

ఉదయగిరి దుర్గం కింద బయల్దేరి, అనుమసముద్రంపేట దర్గా చూసుకుని, ఆత్మకూరు మీదుగా సంగం బ్యారేజీ వంతెనపై పెన్న దాటి, చేజర్లలో సేదదీరి, వెలిగొండల ఒడిలోని పెంచలకోన నరసింహస్వామి గుడికి చేరొచ్చు. తీరిగ్గా నడిస్తే వారం! ఇది ఏ శాఖా ప్రకటించిన పథకం కాదు, ఒక ఆలోచన మాత్రమే. కానీ దారిలో ఏం తక్కువని? 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట ఒక కొసన. నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్లాడాడని జనం చెప్పుకునే కోన మరో కొసన.

ఇలాంటి ఆలోచన అమెరికాలో 1921లోనే వచ్చింది. బెంటన్ మెకాయ్ అనే అటవీ నిపుణుడు అపలాచియన్ కొండల వెంట కాలిబాట వేద్దామన్నాడు. 1937 నాటికి అది పూర్తయింది. 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 3,500 కిలోమీటర్లు! అంత పొడవు బాటనూ ఇప్పటికీ ఎక్కువగా కనిపెట్టుకుని ఉండేది స్వచ్ఛంద కార్యకర్తలే. ఏ ముక్క ఆ ప్రాంతపు సంఘానిది. పొదలు కొట్టేదీ, గుర్తులు వేసేదీ వాళ్లే.

అంతదూరం ఎందుకు? రాజంపేట దగ్గరి తాళ్లపాక నుంచి కుక్కలదొడ్డి మీదుగా, శేషాచలం అడవిలోంచి తిరుమలకు వెళ్లే పాతబాటను మనవాళ్లు అన్నమయ్య మార్గం అంటారు. నడక మనకు కొత్త కాదు. కొత్తగా నేర్వాల్సింది జాగ్రత్తే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఆరేళ్ల పాప బలైంది. అడవిలో దారి వేయడమంటే ఇంకొకరి ఇంట్లోంచి నడవడమే. నడిచేవాళ్లకూ ముప్పే, ఆ ఇంట్లోవాళ్లకూ ముప్పే.

ఆ ఇంట్లో ఎవరుంటారో ఒక్కోసారి మనకు తెలియను కూడా తెలియదు. కలివికోడి సంగతే చూడండి. 1900 తర్వాత కనపడక, అంతరించిందనుకున్న ఈ పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. అదీ ఏ దట్టమైన కీకారణ్యంలోనో కాదు... మనం ‘పనికిరాని బీడు’ అనుకునే ముళ్లపొదల్లో! ఆ పొదల పక్కనుంచి వెళ్లాల్సిన తెలుగుగంగ కాలువ దారినే తర్వాత మార్చారు. పిట్ట కోసం కాలువ వంగినప్పుడు కాలిబాట వంగలేదా?

అందుకే గీత గీసే ముందు చేయాల్సిన పనులు కొన్నున్నాయి. మొదటిది, ఊరి రెవెన్యూ పటం తెరవడం. డొంక, బాట, వాగు పోరంబోకులు అందులోనే ఉంటాయి. పక్క చేలు ఎన్నిచోట్ల దారిని మింగాయో అప్పుడు తేలుతుంది. రెండోది, గ్రామసభలో మాట్లాడటం. మేకల కాపరికీ, రైతుకూ, అడవి ఆనవాళ్లు తెలిసిన యానాదులకూ ఇష్టం లేని దారి నాలుగు రోజులు నిలవదు. మూడోది, పెంచలకోన చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ అభయారణ్యం, ఎర్రచందనం పెరిగే చోటు. వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి లేకుండా అందులో తిరగకూడదు. అందుకే బాట అడవి అంచునే సాగాలి, పొద్దుగూకితే ఊళ్లోనే ఆగాలి. నాలుగోది, కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు. ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా నడకకు అనువు.

మరి ఊళ్లకు ఏమిటి లాభం? రాత్రి బస చేసినవాళ్లు ఒక ఇంట్లో అన్నం తింటారు. ఉదయగిరిలో ఆడవాళ్లు చెక్కిన కొయ్య గరిటెలు కొనుక్కుంటారు. దర్గాకు వచ్చినవాళ్లూ కోనకు వెళ్లేవాళ్లూ ఒకే చెట్టుకింద కూర్చుంటారు. అన్నిటికన్నా ముఖ్యం, నలుగురు నడిచే డొంకను ఆక్రమించడం అంత తేలిక కాదు. దాని కంచెల్లో గూడు కట్టుకున్న పిట్టలకూ అదే రక్ష.

దీనికి కోట్లూ, శంకుస్థాపనలూ రాకపోయినా మొదలుపెట్టొచ్చు. వచ్చే ఆదివారం తాతయ్యను ముందు నడవమని, మనవడి చేతికో నోటుపుస్తకం ఇవ్వండి. ఊరి చివరి డొంక ఎక్కడిదాకా పోయేదో, ఇప్పుడు ఎక్కడ ఆగిపోయిందో రాయమనండి. దారి పథకంలో మొదటి పేజీ అదే!